విశాలదృశ్య చిత్రములు - నాందేడ్ సీమ

నందగిరి కోటపై నిలిచి గోదావరిని, నాందేడ్ పట్టణమును పూర్తిగా చూడదలచినవారు తల త్రిప్పక తప్పదు. కెమేరా చూపు ఒక చట్రమునకే పరిమితము. ఈ కొరతను తీర్చుటకే, అంచులు కలియునట్లు పలు ఛాయాచిత్రములు తీసి వానిని ఒకటిగా అతుకు విద్య పుట్టినది.

మన దేశమున ఈ విద్యకు ఒకటిన్నర శతాబ్దమునకు పైబడిన చరిత్ర కలదు. 1858లో ఫెలీచె బియాతో లక్నోలోని పెద్ద ఇమాంబాడాపై నిలిచి, కెమేరాను కొంచెము కొంచెముగా త్రిప్పుచు నగరమును అనేక పటములలో తీసి ఒక్క వరుసగా కూర్చెను. ఆ సంవత్సరమే మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్ తంజావూరు బృహదీశ్వరాలయ విమానపు అడుగుభాగమున గల శాసనములను గోడవెంట జరుగుచు తీసెను. 21 ముద్రణలను జతపరుపగా సుమారు 19 అడుగుల చిత్రమయ్యెను. మొదటివాడు నిలిచినచోటనే తిరిగెను, రెండవవాడు నడచెను.

రెండు పద్ధతులకును సూత్రమొక్కటే. పొరుగు చిత్రములోని కొంత భాగము, నాలుగవ వంతో మూడవ వంతో, ఈ చిత్రమునందును మరల రావలెను. ఒకే గోపురము, ఒకే చెట్టు రెంటను కనబడినగాని అతుకుటకు ఆనవాలుండదు. త్రిప్పునపుడు కటకము చోటు తప్పినచో దగ్గరి స్తంభము దూరపు కొండతో పొంతన చెడును. వెలుగు మారినచో ఆకాశమున చార పడును. పూర్వులు కత్తెరతోను జిగురుతోను చేసిన పనిని నేడు కంప్యూటరు చేయుచున్నది. మాథ్యూ బ్రౌన్, డేవిడ్ లో 2007లో ప్రకటించిన పద్ధతిలో యంత్రమే ఉభయసామాన్యమైన గుర్తులను వెదకి, ఏ చిత్రమునకు ఏది పొరుగో తేల్చును. అట్టి గుర్తులు లేనిచో యంత్రమును చేయగలది లేదు.

ఈ సీమ చరిత్రను తలచినపుడు మాకు ఆ సూత్రమే స్ఫురించును. 1956 పునర్వ్యవస్థీకరణమున నాందేడ్ జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి బొంబాయి రాష్ట్రమునకు చేరెను. 1960లో మహారాష్ట్రమున భాగమయ్యెను. ఆ విభజనలో ముధోల్, భైంసా ప్రాంతములును, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ ప్రాంతములును ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ ఇటు చేరెను. పటముపై గీత మారినను, బిలోలి, దెగ్లూరు, ధర్మాబాద్ ప్రాంతములలో తెలుగు, మరాఠీ రెండును వినబడుచునే యున్నవి.

నాందేడ్ దాటిన గోదావరియే బాసరకు పోవును. అయినను ఒక్కొక్క రాష్ట్రము తన చరిత్రను తన గీతవరకే వ్రాసికొన్నచో, ఈ సీమ రెండు గ్రంథములలోను అంచున తెగిపోవును. అంచును ఉభయులును వ్రాయవలెను. ఒకే గ్రామము, ఒకే రేవు రెండు భాషల గ్రంథములలోను కనబడుట వృథా పునరుక్తి కాదు. జత కుదురుటకు అదియే ఆధారము.

కావున ఇరుప్రక్కల కుటుంబములను మేము కోరునది స్వల్పము. పెట్టెలలోనున్న పాత ఛాయాచిత్రముల వెనుక ఊరి పేరును, సంవత్సరమును పెన్సిలుతో వ్రాసియుంచుడు. చట్రమునకు సరిపడలేదని వాని అంచులను కత్తిరింపకుడు.