చిన్న గదిలో మంద్రధ్వని

ఖాళీ కూజా మూతికడ పెదవి నుంచి ఊదినచో దానికి సహజమైన స్వరమొకటి పలుకును. నాలుగు గోడల గదియు అట్టిదే. తలుపులు మూసిన చిన్న గదిలో పురుషుడొకడు మంద్రస్థాయికి క్రమముగా దిగుచు ఆలాపన చేసినచో, ఏదో యొక స్వరముకడ గది తానును గొంతు కలిపినట్లు గుమ్మని మ్రోగును. వినువారికి ఇది వినోదమే కాని, ఇంటిలో పాట రికార్డు చేసికొనువారికి చిక్కు. గాయకుడు పాడని బరువును గది చేర్చును; మృదంగపు తొప్పి నాదమును ఒకచోట ఉబ్బించి, వేరొకచోట మ్రింగివేయును. ఈ చిక్కునకు కారణము ముందే తెలిసినది. మందు మాత్రము చాల ఆలస్యముగా దొరికినది.

1863లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ప్రకటించిన గ్రంథమున, సన్నని మూతిగల బోలుపాత్ర తన స్వరమునకే స్పందించుట సంగీతధ్వనులను పరీక్షించు సాధనమయ్యెను. 1877–78లో ఇంగ్లండున రేలీ ప్రభువు వెలువరించిన ధ్వనిశాస్త్రగ్రంథమున గదికిగల సహజస్వరముల గణితము కలదు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. సెకనుకు 50 కంపనములుగల ధ్వనితరంగపు పొడవు ఏడు మీటర్లకు కొంచెము తక్కువ. 3.43 మీటర్ల గదిలో అందు సరిగా సగము ఇముడును. అట్టి ధ్వని గోడల నడుమ నిలిచిపోయి, గోడలయొద్ద బలముగను, గది నడుమ బలహీనముగను వినబడును.

పిమ్మట అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు వాలెస్ సాబిన్, 1895లో ఒక ఉపన్యాసశాలలో మ్రోత అణగక నిలుచు దోషమును మాన్పుటకు పూనుకొనెను. సాండర్స్ థియేటరునుండి మెత్తలు తెప్పించి పరచి, రాత్రివేళల ధ్వని ఎంతసేపటికి అణగునో కొలిచెను. 1906 నాటి వ్యాసమున, ఒకే వస్తువు వేర్వేరు స్థాయిల ధ్వనులను వేర్వేరు పాళ్లలో పీల్చునని అంకెలతో చూపెను.

ఇంత తెలిసియు, 1923లో లండనులోని సెవాయ్ హిల్‌లో బి.బి.సి. స్టూడియో నెలకొల్పినపుడు గోడలకు బరువైన తెరలు వ్రేలాడదీసిరి. తెరలు తారస్వరముల తళుకును హరించునే కాని మంద్రమును తాకజాలవు. గోడనంటి గాలి కదలదు. అచట ఒత్తిడి మాత్రమే మారుచుండును. కదలు గాలిని గుడ్డ తన రాపిడిచే అణచగలదు. కదలని గాలిని ఏమి చేయగలదు? 50 కంపనముల ధ్వనిలో గాలి మిక్కిలి కదలు చోటు గోడకు 1.7 మీటర్ల దూరమున నుండును. అంత మందముగ పరుపులు పేర్చినచో చిన్న గదిలో మనుష్యునకు చోటు మిగులదు.

కావున ఆ ఒత్తిడినే పనికి పెట్టవలసి వచ్చెను. 1950వ దశకమున బి.బి.సి. పరిశోధకులు, పైకప్పులకు వాడు తారుపట్టించిన ఫెల్టును పొరగా బిగించి, వెనుక కొంత గాలి నిలుచునట్లు గోడలకు అమర్చిరి. ఒత్తిడికి పొర ఊగును; వెనుక చిక్కిన గాలి స్ప్రింగువలె దానిని త్రోయును; ఊగుటలోని ఘర్షణచే ధ్వనిశక్తి వేడిగా మారును. 1959లో గిల్‌ఫర్డ్ ప్రసంగ స్టూడియోలనుగూర్చి వ్రాసిన వ్యాసము, గది కంఠమునకు చేర్చు రంగునకు ఒంటరిగా నిలిచిన సహజస్వరములు కారణమని తెలిపినది. పొడవు, వెడల్పు, ఎత్తు సమానమైన గది మిక్కిలి చెడ్డదగుటయు ఇందుచేతనే: మూడు దిక్కుల స్వరములు ఒక్కచోటనే కూడి, తక్కిన చోట్ల ఎడము మిగులును.

నేడు ఇంటి గదిలో గోడనిండ పలుచని స్పాంజి అతికించువారు 1923 నాటి తెరలనే మరల వ్రేలాడదీయుచున్నారు. గది మూగవోయినట్లు తోచును. గుమ్మనుట మాత్రము పోదు. సహజస్వరములన్నిటి ఒత్తిడియు మూలలందు హెచ్చుగా నుండును గాన, మందమైన రాక్‌వూల్ దిండ్లనైనను, పొర బిగించిన పెట్టెలనైనను మొదట అచటనే ఉంచవలెను.

అంతకుముందు గదిని ఒకసారి వినుడు. యంత్రమున మృదంగము మ్రోగుచుండగా మూలనుండి గది నడుమకు మెల్లగా నడువుడు. అడుగడుగునకు నాదము మారినచో, ఆ మార్పు వాయించినవానిది కాదు, గదిది. దానిని గుర్తించిన చెవికే మందు ఎచట వేయవలెనో తెలియును.