గురి తప్పిన తుపాకి: తప్పెవరిది?

మా సంగంలో, పెన్న ఒడ్డున ఒక పెద్దాయన ఉండేవారు. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అనగా తుపాకులు బాగుచేసే ఉద్యోగిగా, చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. నేను ఆయనను పెదనాయనా అని పిలిచేవాడిని. చరిత్ర పుస్తకాలు చదవడం నేను బడిలో నేర్చుకున్నానేమో గాని, చరిత్రను అనుమానించడం ఆయన అరుగు మీద నేర్చుకున్నాను.

ఆయన చెప్పిన సంగతి ఒకటి. వార్షిక ఫైరింగులో ఒక కానిస్టేబులు ఐదు గుండ్లు కాల్చాడు. ఒక్కటీ బొమ్మకు తగలలేదు. పై అధికారి అందరి ముందు చీవాట్లు పెట్టి, దస్త్రంలో ఒక మాట రాయించాడు. అదే తుపాకితో అంతకుముందు ముగ్గురు కాల్చి గట్టెక్కారు గనుక, తప్పు మనిషిదేనని అందరూ నమ్మారు.

“గురి తప్పితే ముందు మనిషిని తిడతారబ్బయా. తుపాకి నోరు తెరిచి చెప్పుకోలేదు గదా! దాన్ని అడగాల్సింది మనమే” అనేవారు పెదనాయన.

అది .303 లీ-ఎన్‌ఫీల్డు. 1907లో బ్రిటిషు సైన్యం స్వీకరించిన నమూనా; మన దేశంలో బెంగాలులోని ఇషాపూరు కార్ఖానాలో తయారైనది. గొట్టం పొడవు 25.2 అంగుళాలు, లోపల ఎడమవైపు తిరిగే ఐదు గాడులు. 1960లలో సైన్యానికి 7.62 రైఫిళ్ళు వచ్చాక ఈ పాతవి పోలీసులకు మిగిలాయి. 1959 నాటి ఆయుధాల చట్టం ఉన్న మన దేశంలో, సైన్యం వదిలేసిన రైఫిలు అంగట్లో కొనుక్కునే సరుకు కాదు. అది ఒక ప్రభుత్వోద్యోగి చేతినుండి మరొక ప్రభుత్వోద్యోగి చేతికి దిగివచ్చే వారసత్వం. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పినది 2020 గణతంత్ర దినోత్సవాన!

జబ్బు కనుక్కోవడానికి పెదనాయన చెప్పిన క్రమం ఇది. ముందు ఇసుక సంచి మీద ఆనించి, ఒకే రకం తూటాలతో ఐదు గుండ్లు కాల్చాలి. గుండ్లన్నీ ఒకేచోట గుమిగూడి, ఆ చోటు మాత్రం పక్కకు ఉంటే గొట్టం మంచిదే. కొనన ఉండే ఫోర్‌సైటు పలక జరిగిందన్నమాట. గుండు ఎటు పోతే పలకను అటే జరపాలి. గుండ్లు చెల్లాచెదురైతే జబ్బు లోపల ఉన్నది. అప్పుడు మరలు బిగువుగా ఉన్నవో లేవో చూడాలి.

తరువాత గొట్టం. తుపాకి ఖాళీ అని రెండుమార్లు చూసుకొని, గొట్టం కొనలో ఒక తూటాను ముక్కువైపు నుండి దూర్చాలి. ఇత్తడి తొడుగు దాకా సులువుగా దిగిపోతే కొన అరిగిపోయినట్లే. అరగదీసినది శత్రువు కాదు, శుభ్రం చేసే తాడు! ఏళ్ళ తరబడి గుడ్డపేలిక కట్టి ఒక పక్కకే లాగితే నూలుతాడు కూడా ఉక్కును కోస్తుంది. ఇక తుప్పు. పాత తూటాల రంజకంలోని పొటాసియం క్లోరేటు కాలి, ఉప్పుగా గొట్టంలో మిగులుతుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నూనె దానిని కరిగించదు. మరిగే నీళ్ళే కడగాలి. నూనె రాసి మెరిపించిన గొట్టం లోలోపల తుప్పుపట్టడం ఇందువల్లనే.

కానిస్టేబులు తుపాకిలో ఇవేవీ కనబడలేదు. పెదనాయన దానిని చల్లారనిచ్చి తానే కాల్చారు. మొదటి రెండు గుండ్లు నడుమకు దగ్గరగా పడ్డాయి. మూడవది పైకి పోయింది. ఐదవది బొమ్మనే దాటింది. అప్పుడు తెలిసింది: దోషం కఱ్ఱది. ఈశాన్య ఋతుపవనాలలో మన తలుపులు ఉబ్బి గుమ్మానికి బిగుసుకుపోయినట్లే, గొట్టం కింది కఱ్ఱ వంకరపోయి ఉక్కును ఒకచోట నొక్కుతున్నది. చల్లగా ఉన్నంతసేపు సర్దుకున్న గొట్టం, వేడెక్కి సాగగానే ఆ కఱ్ఱ నొక్కుడుకు పక్కదారి పట్టింది. కానిస్టేబులు వంతు నాలుగవది. ముందు ముగ్గురూ తుపాకిని వేడెక్కించి ఇచ్చారు. ఫలితం అతడు అనుభవించాడు.

ఇక్కడితో ఆగితే ఇది మరమ్మతు కథ. కాని గురి తప్పే తుపాకులన్నీ వాననీటివల్ల, తుప్పువల్ల చెడినవి కావు. కొన్నిటిని కావాలనే అలా చేశారు. 1857 తిరుగుబాటు తరువాత భారతీయ సిపాయిల కోసం 1858 నమూనా తుపాకి వచ్చింది. చూపుకు ఎన్‌ఫీల్డే, లోపల గాడులు లేవు. .577 గొట్టాన్ని .656కు విశాలం చేసి నున్నగా ఉంచారు. నూరు గజాలు దాటితే దాని గుండును నమ్మరాదు. తరువాతి కాలంలో ఇదే ఇషాపూరులో లీ-ఎన్‌ఫీల్డులను తొలిచి, గాడులు తీసివేసి, పోలీసుల కోసం .410 మస్కెట్లుగా మార్చారు. ఆయుధం చేతికిచ్చి, దూరం మాత్రం ఇవ్వలేదు.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలనుండి పట్టుకుపోయినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అనే ఇద్దరు ఆంగ్లాధికారులు మరణించారు. ఠాణా తుపాకి దూరపు గురికి పనికివచ్చినా, రాకపోయినా, ఇరుకైన కనుమలో పొంచి ఉన్నవాడికి ఆ లోటు అడ్డురాదు. ఆయుధం పరిమితి తెలిసినవాడు పోరాడే చోటును ఎంచుకుంటాడు.

అందుచేత, ఫలానా సిపాయిలకు గురి లేదని ఎవరైనా రాసినప్పుడు నేను వెంటనే ఒప్పుకోను. చేతిలో ఉన్నదేమిటి? దాని గొట్టంలో గాడులున్నవా? దానిని ముందు ఎవరు వేడెక్కించారు? ఇవి అడిగిన తరువాతనే మనిషి దగ్గరకు వస్తాను.

పెదనాయన ఆ కఱ్ఱను చెక్కి సరిచేశారు. తుపాకి మళ్ళీ గురిలో పడింది. కానిస్టేబులు దస్త్రంలో రాసిన మాట మాత్రం అలాగే ఉండిపోయింది. “తుపాకికి మరమ్మతు ఉండాది గాని, కాగితానికి లేదబ్బయా” అని ఆయన నవ్వేవారు. అది నవ్వు కాదని నాకు ఆలస్యంగా అర్థమయింది.

మిత్రులారా, మీ ఊళ్ళలోనూ ఇటువంటి పనివారు ఉండే ఉంటారు. వారి మాటలు వారుండగానే రాసిపెట్టండి.