కొత్తది తవ్వుదామా, పాతది బాగు చేద్దామా?

మా ఆఫీసులో భోజనాల దగ్గర నెలకోసారైనా లేచే తగాదా ఒకటుంది. పాత కోడు మొత్తం పారేసి కొత్తగా రాసేద్దామా, లేక ఉన్నదానికే మాట్లు వేసుకుంటూ బతుకుదామా అని. మీ ఆఫీసులోనూ ఉండే ఉంటుంది. ఒకడు నెట్‌స్కేప్ కథ ఎత్తుకుంటాడు. 1998లో వాళ్ళు ఉన్నదాన్ని పక్కన పడేసి మొదట్నించీ రాయబోయి, ఐదో వెర్షను లేకుండానే 2000 చివర్లో ఆరోది వదిలేసరికి బజారంతా మైక్రోసాఫ్టు చేతిలోకి పోయిన సంగతి. ఇంకొకడు "అయితే ఇప్పటికీ కోబాల్ రాసుకో పో" అంటాడు. పెరుగన్నం అయిపోయేదాకా ఇదే.

మొన్న ఈ గొడవ మధ్యలో కొత్తగా చేరిన కుర్రాడొకడు (గుంటూరు వైపు అబ్బాయి, మంచివాడే) నావైపు తిరిగి, "అన్నా, మీ అనంతపురం వాళ్ళు మాత్రం చెరువుల్ని పట్టుకుని వేళ్ళాడారా? బోర్లు వేసుకోలేదూ! పాత టెక్నాలజీ పనికిరాకే కదా పోయింది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సీటు దగ్గరికొచ్చి కూర్చున్నాక మాత్రం పని సాగలేదు. ఎందుకంటే పన్నెండు పదమూడేళ్ళ పాటు నేనూ అచ్చంగా ఆ మాటే అన్నాను, మా నాయనతో. అక్కడితో ఆగకుండా డబ్బులు కూడా పెట్టాను.

2005లో మొదటిసారి ఆన్‌సైట్‌కి పోయి నాలుగు డాలర్లు మిగుల్చుకొచ్చాను. కదిరి వైపు మా ఊళ్ళో అప్పటికే మాకు నాలుగు బోర్లున్నాయి. బోర్లంటే బోర్లు కాదు, బొక్కలు. ఒక్కదాంట్లో నీళ్ళున్నాయి. అయిదోది నా డబ్బుల్తో. పాయింటు పెట్టడానికి నాయన కొబ్బరికాయ ఆయన్ని పిలిపించాడు. అరచేతిలో పడుకోబెట్టిన కాయ నీళ్ళున్న చోట నిటారుగా లేస్తుందని నమ్మకం. నాకు ఒళ్ళు మండి, టౌను నుంచి మిషను పెట్టి కొలిచే జియాలజిస్టుని తెచ్చాను. తమాషా ఏంటంటే ఇద్దరూ ఇంచుమించు ఒకే చోట చూపించారు. సైన్సు, శాస్త్రం ఒకటయ్యాయి కదా, ఇంకేం! తిరుచెంగోడు బండి వచ్చింది. 620 అడుగులు. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ రాత్రి నాయన అన్నం తినలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు.

కాబట్టి "పనికిరాకే పోయింది" అనేది నాకు ఉత్త వాదన కాదు. అసలు ఏది, ఎందుకు, ఎప్పుడు పోయిందో చూద్దామని అప్పట్నుంచీ చదువుతున్నాను. చదివినంతలో చెబుతాను.

అనంతపురానికి ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం వానలకేమో తూర్పు తీరం దూరం. రెండు పెళ్ళిళ్ళకీ పిలుపు అందని చుట్టం లాంటి జిల్లా. పైగా ఆ పడేది కూడా కొన్ని రోజుల్లోనే, గట్టిగా పడి వంకల్లో కొట్టుకుపోతుంది. అంటే నీళ్ళు లేకపోవడం ఎంత సమస్యో, వచ్చినప్పుడు నిలబెట్టుకోలేకపోవడమూ అంత సమస్యే. మన భాషలో చెప్పాలంటే బఫరు కావాలి. ఆ బఫరు పేరు చెరువు.

అసలు అనంతపురం అన్న ఊరే ఒక చెరువు పుణ్యాన పుట్టింది. 14వ శతాబ్దంలో మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు పండమేరుకి అడ్డంగా కట్ట వేయించి, బుక్కరాయసముద్రం, అనంతసాగరం అని రెండు ఊళ్ళు కట్టించాడు. ఈ అనంత ఎవరనేదాని మీద రెండు వాదాలున్నాయి, రాణి అని కొందరు, మంత్రి పేరే అని కొందరు. మనకది ముఖ్యం కాదు. ఆ చెరువు ఇప్పటికీ ఉంది. అనంతపురం నుంచి తాడిపత్రి బస్సెక్కితే కనబడుతుంది. ఆరువందల యాభై ఏళ్ళ అప్‌టైము!

ఇంకా మంచిది పక్క జిల్లా కడపలో ఉంది. పోరుమామిళ్ళ చెరువు శాసనం, 1369 నాటిది. వేయించింది భాస్కర భవదూరుడు, బుక్కరాయల కొడుకు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్ళు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులోనే రాసుంది. ఎఫర్టు ఎస్టిమేషను రాతి మీద చెక్కిన ప్రాజెక్టు ఇంకెక్కడైనా ఉందా? అంతకంటే పెద్ద సంగతి, మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా చెబుతారు. పన్నెండింటిలో నీటిశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యటి నీళ్ళు తెచ్చే ఏరు, రాతికి గని, పని తెలిసిన మనుషులు ఉన్నాయి. మొట్టమొదటిది మాత్రం డబ్బూ ధర్మబుద్ధీ కీర్తి మీద ఆశా ఉన్న రాజు. స్పాన్సరు లేకపోతే ప్రాజెక్టు లేదని వాళ్ళకీ తెలుసు.

దోషాల్లోనే అసలు అనుభవం కనబడుతుంది. కట్టలోంచి నీళ్ళు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో తాబేలు వీపులా మిట్ట, నీళ్ళు తక్కువై కింద నేల ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం. ఆరోది చదివి కుర్చీలోంచి లేచాను: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదు! చవుడు నేలా సరిహద్దూ ఒకే జాబితాలో. అంటే యజమాని ఎవరో తేలకపోవడాన్ని కూడా ఇంజనీరింగు లోపంగానే లెక్కేశారు. ఇద్దరు టీముల మధ్య మాడ్యూలు పెట్టి, రాత్రి రెండింటికి అది పడిపోతే "మాది కాదు" అని ఇద్దరూ ఫోను పెట్టేసిన అనుభవం మీకుంటే ఈ వాక్యం విలువ తెలుస్తుంది.

సరే, కట్టారు. మరి ఆరువందల ఏళ్ళు నిలబెట్టింది ఎవరు? ఇక్కడే దశబంధం సంగతి. చెరువు కట్టినవాడికో బాగు చేసినవాడికో దాని కింది నేలలో, లేదా దాని మీద వచ్చే శిస్తులో, పదో వంతు మాన్యంగా ఇచ్చేవాళ్ళు. ఊరికే కాదు, చెరువుని మరమ్మత్తులో ఉంచాలన్న షరతు మీద. దత్తమండలాల్లో ఇలాంటి మాన్యాలు బోలెడు. ఇవి కాక ప్రతి చెరువుకీ నీరుగంటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు వదలాలో చూడటం, వానాకాలం రాత్రుళ్ళు కట్ట మీద తిరిగి బుంగలు పడ్డాయేమో వెతకడం ఆయన పని. దానికి ఆయనకి చెక్కో ముక్కో నేల, పంటలో మేర. అంటే మెయింటెనెన్సు బడ్జెట్టు ప్రాజెక్టుతోపాటే పుట్టింది, ఏటేటా ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా దానంతటది వచ్చేది.

1800లో నిజాము ఈ జిల్లాల్ని కంపెనీకి ఇచ్చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు, కాపురం అనంతపురంలోనే. ఆయన చూసి రాసిన మాట ఒకటుంది: ఇక్కడ కొత్త చెరువులు కట్టబోవడం దండగ, చెరువుకి పనికొచ్చే చోటల్లా జనం ఎప్పుడో కట్టేశారు అని. నాకైతే దీనికంటే గొప్ప సర్టిఫికెట్టు కనబడలేదు. మన్రోని మా వైపు ఇప్పటికీ మంచివాడనే చెప్పుకుంటారు. కానీ ఆయన తెచ్చిన రైతువారీలో శిస్తు రైతు నుంచి నేరుగా సర్కారుకి పోతుంది. ఊరి పంటలో ఊరి చెరువుకని ముందే పక్కన పెట్టే వాటాలు ఆ లెక్కలో ఇమడవు. తర్వాత మద్రాసులో పబ్లిక్ వర్క్సు శాఖ పెట్టారు, మరమ్మత్తు ఊరి పని కాకుండా డిపార్టుమెంటు పని అయింది. 1858లో చట్టం చేసి మరీ, కట్టకి గండి పడే ప్రమాదముంటే ఊళ్ళోవాళ్ళు వచ్చి పనిచెయ్యాలన్నారు. ఆదాయం సెంట్రలైజు చేసి, ఆన్‌కాల్ డ్యూటీ మాత్రం ఊరికే వదిలారన్నమాట. ఆ తర్వాత ఇనాం కమిషను మాన్యాల లెక్కలు తిరగదోడింది. 1876-78 కరువు ఈ జిల్లాల్ని ఎలా ఊడ్చిందో మీకు తెలిసిందే.

స్వతంత్రం వచ్చాక మారిందా అంటే, పెద్దగా లేదు. తుంగభద్ర డ్యాము, హైలెవెల్ కాలువ వచ్చాయి, కొన్ని ఊళ్ళు బాగుపడ్డాయి, కాదనను. చెరువుల్ని మాత్రం వంద ఎకరాల లోపు ఆయకట్టువి పంచాయతీలకి, ఆ పైవి ఇరిగేషను శాఖకి అని పంచేశారు. రెండు రాజ్యాల సరిహద్దు గుర్తొచ్చిందా? 1984లో కరణాలు, మునసబులు పోయారు. పోవాల్సిందే, వాళ్ళ ఆగడాలు మామూలువి కావు. కానీ ఏ కాలువ ఎవరి గట్టు వెంట పోతుందో తెలిసిన బుర్ర కూడా వాళ్ళతోనే పోయింది. డాక్యుమెంటేషను లేదు, హ్యాండోవరు లేదు.

బోరు వచ్చింది ఈ శిథిలం మీదకి. దాని కథ కూడా మంచి ఉద్దేశంతోనే మొదలైంది. 1966-67 బీహారు కరువు తర్వాత గట్టి రాతిని తొలిచే రిగ్గుల్ని యూనిసెఫ్ మన దేశానికి తెచ్చింది, తాగునీళ్ళ కోసం. అది పొలాల్లోకి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. కరెంటు హార్సుపవరుకి ఏడాదికింత అని లెక్కగట్టడంతో మోటారు ఎంతసేపు తిరిగినా ఒకటే ఖర్చు. 2004 మే 14న ఉచితం కూడా అయింది. మా అడుగున ఉన్నది గ్రానైటు. నీళ్ళుండేది పైన పొడిబారిన పొరలోనూ, కింద పగుళ్ళలోనూ. ఆ పగుళ్ళకి గట్లుండవు. నేను 400 అడుగులు వేస్తే పక్కాయన 500 వేస్తాడు, నాది ఎండుతుంది. లాకు లేని షేర్డు రిసోర్సు మీద ఊరంతా థ్రెడ్లు వదిలితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పై పొరని నింపేది ఏమిటయ్యా అంటే, ఊరి పైనున్న చెరువే. దానికి పూడిక తియ్యలేదు కాబట్టి నీళ్ళు నిలవలేదు, నిలవలేదు కాబట్టి ఇంకలేదు. కొత్త సిస్టము పాతదాని మీద ఆధారపడి నడుస్తోందని తెలియక పాతదాని సర్వరు ఆపేశాం.

ఇక్కడిదాకా చదివి "చెరువే గొప్పది, బోరు పాపం" అంటున్నానని అనుకోకండి. అలా అనే పెద్దమనుషులు బెంగుళూరులో చాలామంది దొరుకుతారు, ట్యాంకరు నీళ్ళతో స్నానం చేసి వచ్చి మరీ చెబుతారు. చెరువు కింద మడి ఎవరికుంది? దేవుడికి, బాపనయ్యలకి, పెద్ద రెడ్లకి. కట్ట మీద అర్ధరాత్రి తిరిగే నీరుగంటి ఎక్కువ ఊళ్ళలో మాలమాదిగల ఇంటివాడే. అందరి మడికీ నీళ్ళు వదిలి, ఆ నీళ్ళున్న బావిలో చేద వెయ్యలేనివాడు. బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలైందని కథ, కట్టమంచి రామలింగారెడ్డి దాన్నే కావ్యం చేశాడు. ఆ కథ చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో, బలి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఇంటి చిన్నకోడలే ఎందుకు గుర్తొచ్చిందని అడిగినవాళ్ళు తక్కువ. మా తాతకి చెరువు కింద సెంటు నేల లేదు. మాది మెట్ట. వేరుశనక్కాయ వేసి ఆకాశం వైపు చూసే బతుకు. మొదటి బోరులో రెండించుల నీళ్ళు పడిన రోజున మా జేజి ఆ బురదలో కూర్చుని ఏడ్చిందట. ఎవరి తూము దగ్గరా చేతులు కట్టుకుని నిలబడకుండా వచ్చిన నీళ్ళవి. ఆవిడతో వాటర్ టేబులు గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

అందుకే ఆ గుంటూరబ్బాయికి నా జవాబు ఇది. చెరువు పనికిరాక పోలేదు. దాన్ని నిలబెట్టే పదో వంతుని తీసేశారు కాబట్టి పోయింది. ఆ పదో వంతు ఎవరి పొలానికి నీళ్ళిచ్చింది అన్న ప్రశ్నకి జవాబు చెప్పకుండా దాన్ని తిరిగి తెద్దామన్నా నడవదు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది, 2000లో నీరు-మీరు, 2015లో నీరు-చెట్టు. అన్నింట్లోనూ పూడిక తియ్యడానికి, అంటే ఫోటో దిగే పనికి, డబ్బులు దొరికాయి. మా ఊళ్ళో నేను చూసినంతలో తూముకి గ్రీజు పెట్టే మనిషికి జీతం మాత్రం దొరకలేదు.

పోయిన వేసవిలో నాయన ఫోను చేశాడు. పక్క చేనాయనకి 900 అడుగుల దగ్గర ఇంచున్నర నీళ్ళు పడ్డాయంట. చీనీ చెట్లు ఎండిపోతాండాయంట. నేను ఇదంతా చెప్పాను, పోరుమామిళ్ళ, మన్రో, దశబంధం, అన్నీ. పాపం చివరిదాకా విన్నాడు.

"అన్నీ బాగనే చెప్తాండావు గానీ, చెట్లకి ఈ నెల నీళ్ళు యాడనుంచి తెచ్చేదప్పా?" అన్నాడు.

డబ్బులు పంపాను. పాయింటు మాత్రం ఈసారి కొబ్బరికాయ ఆయన ఒక్కడే పెట్టాడు.