బాపిరాజుగారి శాంతిశ్రీ

మా కోడూరు వైపు ఆడపిల్లకు సారె బిందె పెట్టినా, గుడికి గంట ఇచ్చినా దానిమీద పేరు కొట్టించందే మాకు తోచదు. మగవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి! పదిహేడు వందల ఏళ్ళ కిందట ఆడవాళ్ళు ఇదే పని చేయబట్టే ఒక చిత్రకారుడికి కథానాయిక దొరికింది.

ఆయన అడివి బాపిరాజుగారు (1895-1952). బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయగారి దగ్గర చిత్రకళ నేర్చుకుని, తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాలుగా పనిచేశారు. 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' చదివిన మనకు నవలాకారుడిగానే ఎక్కువ తెలుసు. కాని ఆయన వర్ణనలు చదువుతుంటే కాగితం మీద కలం కాదు, కుంచె నడిచిందేమో అనిపిస్తుంది నాకు.

1926లో పల్నాటి కొండల మధ్య, కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ శిథిలాలు బయటపడ్డాయి. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. శాంతమూల మహారాజు అశ్వమేధం చేసినవాడు. ఆయన చెల్లెలు శాంతిశ్రీయేమో బుద్ధుడి మహాచైత్యం కట్టించింది! ఒకే ఇంట్లో రెండు దారులు. ఈ సర్దుబాటు మనకేం కొత్త కాదు లెండి. ఆ చైత్యం స్తంభాల మీద ఇంకో పేరు కూడా ఉంది, 'అడవి చాతిసిరి' అని. శాంతమూలుడి కూతురు, ధనకుల ఇంటి కోడలు. శాసనంలో ఆమె గురించి ఉన్నది ఎవరి కూతురు, ఎవరి చెల్లెలు, ఎవరి భార్య అన్నంత వరకే. బాపిరాజుగారు ఆ పేరుతోనే 'అడవి శాంతిశ్రీ' నవల రాశారు. ఇంటిపేరు కలిసిందని ముచ్చటపడ్డారో ఏమో!

నాకు మాత్రం రాజకుమార్తెలకంటే బోధిశ్రీ అంటే ఇష్టం. గోవగామంలో ఉండే మామూలు ఉపాసిక. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట, సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఆ కొండల్లో చైత్యగృహం కట్టించింది. అంతటితో ఊరుకోక, ఎక్కడెక్కడ ఏమేం ఇచ్చిందో పద్దు రాసినట్టు చెక్కించింది. ఒకచోట చెరువు, ఒకచోట భిక్షువులకు మూడు గదులు, ఇంకోచోట ఏడు గదులు, సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం. ఆ పద్దులో 'కంటకసేల' మహాచైత్యం తూర్పు వాకిట రాతిమండపం అని కూడా ఉంది. కంటకసేల అంటే ఎక్కడో కాదు, మన పాత దివి తాలూకా ఘంటసాలే! పుణ్యం తన ఒక్కదానికే ఉంచుకోలేదు. భర్తకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు పేరుపేరునా పంచింది.

ఆ సింహళానికే 1951లో బాపిరాజుగారు వెళ్ళారు. సిగిరియా కొండగోడ మీది బొమ్మలకు ప్రతులు రాయమని మద్రాసు ప్రభుత్వం పంపింది. అవీ ఆడవాళ్ళ బొమ్మలే, చేతుల్లో పూలు పట్టుకుని. పేర్లు మాత్రం లేవు. మరుసటేడు ఆయన పోయారు.

1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఓ పక్క డ్యాము లేస్తుంటే, ఇంకో పక్క 1960 దాకా తవ్వకాలు సాగాయి. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి కొండమీదా, అనుపు దగ్గరా తిరిగి పేర్చారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. విజయపురి వీధులు జలాశయం అడుగున ఉండిపోయి, కొండ నెత్తి ద్వీపమైంది. ఇప్పుడక్కడికి లాంచీలో వెళ్ళాలి. బాపిరాజుగారు రాసింది లోయ గురించి. దాన్ని దీవిగా ఆయన చూడనేలేదు.

ఆ నీళ్ళే పులిగడ్డ దగ్గర రెండుగా చీలి, మా సీమను దీవి చేసి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి.

మొన్న మేనకోడలి పెళ్ళికి బిందె కొన్నాను. ఈసారి నా పేరు పక్కన మా అమ్మ పేరూ, చెల్లెళ్ళ పేర్లూ చెప్పాను. "ఇన్ని పేర్లు పట్టవమ్మా" అన్నాడు కొట్టతను. "అక్షరాలు చిన్నవి చెయ్యి నాయనా, అందర్నీ రాయి" అన్నాను.