మహాజన సభలో నిలదీసేవాడు శత్రువు కాడు

నేను చదివింది ఎనిమిదో తరగతే. సోలాపూరులో చేనేత సహకార సంఘం లెక్కలు రాస్తూ తల నెరిసింది. ఈ మధ్య మన మహాజన సభల్లో ఒక్క ప్రశ్న కూడా రావడం లేదు. సంతకం పెట్టి, టీ తాగి పోతున్నారు. సభ ప్రశాంతంగా జరిగిందని అందరూ అంటారు, నాకైతే భయమేస్తుంది. అందుకే నేతవాళ్ళ పాత చరిత్ర ఒకటి చెబుతాను.

1917లో అహ్మదాబాదులో ప్లేగు వచ్చింది. పనివాళ్ళు ఊరు విడిచిపోకుండా మిల్లు యజమానులు ప్లేగు బోనస్ ఇచ్చారు. జబ్బు తగ్గాక ఆపేస్తామన్నారు. కానీ ధరలు తగ్గలేదు కదా! నేత ఖాతా కార్మికులు మజూరీ నూటికి 50 పెంచమన్నారు, యజమానులు 20 ఇస్తామన్నారు. గాంధీజీ లెక్కలు విచారించి 35 న్యాయమన్నారు. యజమానుల పక్షాన ముందున్నది అంబాలాల్ సారాభాయ్. కార్మికుల పక్షాన నిలబడ్డది ఆయన సొంత అక్క అనసూయాబెన్!

1918 ఫిబ్రవరి 22న మిల్లులకు తాళాలు పడ్డాయి. రోజూ సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు కింద సభ జరిగేది. 35 రానిదే పనికి పోము, ఎవరి మీదా చెయ్యి చేసుకోము అని ప్రమాణం చేశారు. మార్చి 12న యజమానులు 20కి ఒప్పుకున్నవాళ్ళు రావచ్చని గేట్లు తెరిచారు. ఇండ్లల్లో పొయ్యి వెలగని రోజులవి. అప్పుడు కొందరు ఉన్నమాట అనేశారు. గాంధీజీకి, అనసూయాబెన్‌కి ఏమిటి, మోటారులో వచ్చి పోతారు, కడుపునిండా తింటారు, చచ్చేది మేమే కదా అని. ఆ మాట గాంధీజీ చెవిన పడింది. ఆయన కోప్పడలేదు, అన్నవాళ్ళను వెలివేయలేదు. అందులో నిజం ఉందనుకుని మార్చి 15న ఉపవాసానికి కూర్చున్నారు. 18న రాజీ కుదిరింది. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరకు 35 అనే తీర్పు చెప్పారు. తన ఉపవాసం యజమానుల మీద ఒత్తిడి తెచ్చింది, అది లోపమేనని గాంధీజీ తానే రాసుకున్నారు. 1920లో అక్కడి కార్మికులకు మజూర్ మహాజన్ సంఘం ఏర్పడింది.

ఇక నా సంగతి. కొన్నేండ్ల కింద సభలో ఒక కుర్రవాడు లేచి, తన మజూరీలో కోత ఎందుకు పడిందని అడిగాడు. "నిన్నగాక మొన్న సభ్యుడివయ్యావు, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. మరుసటి ఏడు అతను రాలేదు, వాళ్ళ గల్లీ వాళ్ళూ రాలేదు. మనసు ఊరుకోక పుస్తకం తీసి చూస్తే ఒకే కోత రెండుసార్లు రాసి ఉంది. తప్పు నాదే. ఇంటికి పోయి డబ్బు ఇచ్చి, క్షమించమన్నాను. డబ్బు తీసుకున్నాడు, సభకు మాత్రం ఇంకా రావడం లేదు.

పడుగు వదులైతే బట్ట పడదు, మరీ బిగిస్తే పోగు తెగుతుంది. సంఘంలో మాట కూడా అంతే. లెక్క గురించి ఎంత గట్టిగానైనా అడగండి, ఇంటి విషయాలు, పుట్టుపూర్వోత్తరాలు తీయకండి. ఈసారి సభలో మొదటి అరగంట ప్రశ్నలకే. లెక్కల పుస్తకం బల్ల మీద తెరిచి పెడతాను. ఆ కుర్రవాడి ఇంటికి నేనే వెళ్ళి మళ్ళీ పిలుస్తాను.