పొన్నేరి బడి నుంచి అబెల్ బహుమతి దాకా

చెన్నై నుంచి గూడూరు వచ్చే రైలుదారిలో పొన్నేరి ఉంది. అక్కడి బోర్డు హైస్కూలులో 1950ల్లో ఒక లెక్కల మాస్టారు చురుకైన పిల్లల్ని శని, ఆదివారాల్లో ఇంటికి పిలిచి, పరీక్షలతో పనిలేని చిక్కులెక్కలు ఇచ్చేవారు. గణితం ఆటలాంటిదని అక్కడే రుచి చూసినవారు ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్.

1959లో ఆయన కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. గైడు, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన సి.ఆర్. రావు గారు. థీసిస్ పరీక్షకుల్లో రష్యన్ మేధావి కొల్మొగొరోవ్ ఒకరు. 1963లో పిహెచ్.డి. పూర్తిచేసి న్యూయార్క్‌లోని కూరంట్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. ఆ తర్వాత ఆయన పరిశోధన ప్రధానంగా అక్కడే సాగింది.

నాణెం వందసార్లు ఎగరేస్తే సుమారు యాభై బొమ్మలు పడతాయి. తొంభై పడటం అరుదు. ఎంత అరుదు? ఎగరేసే సంఖ్య పెరిగేకొద్దీ ఆ అవకాశం ఎంత వేగంగా సన్నగిల్లుతుంది? స్వీడన్ గణితవేత్త క్రామెర్ 1938లో దీనికి ఒక జవాబిచ్చారు. 1966 నుంచి వరదన్ దాన్ని విశాలమైన సిద్ధాంతంగా పెంచారు. తర్వాత డాన్స్కర్‌తో కలిసి, కాలంతోపాటు మారే యాదృచ్ఛిక ప్రక్రియలకూ విస్తరించారు. దానికే 2007లో అబెల్ బహుమతి వచ్చింది.

మా ఇంజనీర్లకు సగటు ఒక్కటే చాలదు. అందరూ ఒకేసారి ఫోన్ చేస్తే నెట్‌వర్క్ తట్టుకుంటుందా అన్నదే అసలు ప్రశ్న. బీమా కంపెనీల భయమూ అలాంటిదే. ఆ అరుదైన రోజును అంచనా కట్టే పనిముట్టు వరదన్ గణితం.

ఈ స్వర్ణోత్సవ వేళ మన బడి గురువులకు ఒక మనవి: మార్కులు రాని లెక్క వారానికి ఒక్కటైనా పిల్లలకు ఇవ్వండి.