లినక్స్‌లో హార్డ్ డిస్క్ కంట్రోలర్ కార్డు గుర్తింపు

హార్డ్ డిస్కులను కంప్యూటరుకు అనుసంధానించే విస్తరణ కార్డును హార్డ్ డిస్క్ కంట్రోలర్ కార్డు అంటారు. లినక్స్ నిర్వాహక వ్యవస్థను స్థాపించేటప్పుడు కెర్నెల్ ఈ కార్డును గుర్తించి, తగిన డ్రైవరును జోడించాలి. లేనిచో డిస్కులు సవ్యంగా ఉన్నా స్థాపన కార్యక్రమానికి కనబడవు. డిస్కు పాడైనదని పొరబడి అందులోని సమాచారాన్ని చేజేతులా చెరిపివేసే ప్రమాదం ఇక్కడే ఉంది.

గుర్తింపు విధానం

ప్రతి పీసీఐ కార్డుకూ తయారీదారును తెలిపే సంఖ్య ఒకటి, నమూనాను తెలిపే సంఖ్య ఒకటి ఉంటాయి. ఇవి 16 బిట్ల సంఖ్యలు. ఉదాహరణకు ఇంటెల్ సంస్థ సంఖ్య హెక్సాడెసిమల్‌లో 8086. ప్రతి డ్రైవరులోనూ అది నడపగల కార్డుల పట్టిక ఉంటుంది. కార్డు సంఖ్యలు ఏ పట్టికతో సరిపోలితే ఆ డ్రైవరు మెమరీలోకి చేరుతుంది. ఏహెచ్‌సీఐ ప్రమాణాన్ని పాటించే సాటా కంట్రోలర్లలో చాలావాటిని, నమూనాతో నిమిత్తం లేకుండా, ఒకే డ్రైవరు నడుపుతుంది.

లోపాన్ని కనుగొనడం

ఎల్ఎస్‌పీసీఐ అనే ఆదేశం పీసీఐ కార్డుల జాబితాను చూపుతుంది. దీనికి 'కె' అనే ఐచ్ఛికాన్ని చేర్చితే ఏ కార్డును ఏ డ్రైవరు నడుపుతున్నదో తెలుస్తుంది.

* జాబితాలో కార్డు లేకపోతే లోపం స్లాటులోనో, కార్డులోనో, బయాస్ అమరికలలోనో ఉంటుంది. లినక్స్‌ను తిరిగి స్థాపించినా ఫలితముండదు.
* కార్డు ఉండి డ్రైవరు లేకపోతే కెర్నెల్ పాతది కావచ్చు, లేదా పంపిణీదారులు ఆ డ్రైవరును తొలగించి ఉండవచ్చు. 2019లో విడుదలైన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో పలు పాత కంట్రోలర్ల డ్రైవర్లను తొలగించారు.
* రెండూ ఉండి డిస్కు లేకపోతే కేబులును, విద్యుత్ సరఫరాను పరీక్షించాలి. కొన్ని రైడ్ కార్డులు, డిస్కులను ముందుగా ఒక సమూహంగా అమర్చితేనే వాటిని కెర్నెల్‌కు చూపుతాయి.

డెబియన్ స్థాపన కార్యక్రమం తెలుగులోనూ లభిస్తుంది. అయితే కెర్నెల్ సందేశాలు మాత్రం ఏ భాషను ఎంచుకున్నా ఆంగ్లంలోనే వస్తాయి.

బూటింగులో చిక్కు

డిస్కును చదవడానికి డ్రైవరు కావాలి. ఆ డ్రైవరేమో డిస్కులోనే ఉంటుంది. ఈ చిక్కును తప్పించడానికి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైలు వ్యవస్థను బూట్‌లోడరు ముందుగానే మెమరీలోకి చేరుస్తుంది. కొత్త కార్డు డ్రైవరు అందులో లేకపోతే బూటింగు మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు దానిని తిరిగి నిర్మించాలి. ఇందుకు డెబియన్, ఉబుంటులలో సాధారణంగా అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరాలో డ్రాకట్ ఆదేశాలను వాడతారు.

జాగ్రత్తలు

* కార్డు మారినపుడు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి డిస్కు పేర్లు తారుమారు కావచ్చు. అందుచేత ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో వాటికి బదులు యూయూఐడీ రాయడం మేలు.
* పాత ఐడీఈ డిస్కులకు ఉండిన హెచ్‌డీఏ వంటి పేర్లు నేటి కెర్నెల్‌లో లేవు. ఆ పాత ఐడీఈ విభాగాన్ని 2021లో వెలువడిన 5.14 కెర్నెల్ నుండి తొలగించారు.
* చెడిపోయిన రైడ్ కార్డును మార్చినపుడు డిస్కులను కొత్తగా అమర్చరాదు. చాలా కార్డులలో సమూహ వివరాలు డిస్కులలోనే ఉంటాయి. వాటిని చదవగల కార్డుతో సమాచారాన్ని తిరిగి పొందే వీలుంటుంది.